సూది ఎక్కిన దీపం

దీపం చేతికిచ్చే ముందు జలాలుద్దీన్ రెండు తీగలూ బ్యాటరీకి ఆనించి, వోల్టుమీటరు సూది కదలడం మానేదాకా చూస్తాడు. అప్పుడే "చలో" అంటాడు. గోదావరిఖని దగ్గరి ఒక గనిలో, దిగేవాళ్ల నెత్తి దీపాలు ఛార్జి చేసి ఇవ్వడం పన్నెండేళ్లుగా ఆయన పని.

2003 వేసవి. ఆరోజు మొదటి షిఫ్టు దిగిపోయాక, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ నీళ్ల డబ్బా ఎత్తాడు. నిండుగా ఉంది. పక్కన ఆసిడ్ సీసా సగమైంది.

రాత్రి డ్యూటీ చేసిన రఘుపతి బయట సైకిల్ తీస్తున్నాడు. బొగ్గు నింపుతూ నడుము దెబ్బతిని, నెల కిందటే గని పైన ఈ దీపాల పనికి మారినవాడు.

"బ్యాటరీలల్ల ఏం పోసినవ్?"

"ఆసిడే అన్నా. ఆరు బత్తీలకు సూది లేస్తలేదు. నీళ్లు పోస్తే పాలల్ల పోసినట్టు పల్చగైతదని."

"ఛార్జింగ్ పెట్టినవా?"

"సూది ఎక్కింది గద. ఇంకెందుకు?"

ఆసిడ్ చిక్కబడితే అందులో అయాన్లు పెరుగుతాయి. వాటితో సీసపు పలకల మధ్య వోల్టేజీ కాస్త పెరుగుతుంది. పలకల్లో ఛార్జి పెరగదు, దీపం కాసేపటికే ఆరిపోతుంది. పొద్దున హడావుడిలో ఆయన చూసింది ఆ సూదినే.

రఘుపతి చూపిన ఆరింటిలో ఐదు దీపాలు కొక్కేలకే ఉన్నాయి. ఆరోదాని చోట, దీపం తీసుకున్నవాడు వదిలి వెళ్లే ఇత్తడి బిళ్ల వేలాడుతోంది. అది బిక్షంది. లోపల నీళ్లు తోడే పంపు దగ్గర బిక్షం ఒక్కడే ఉంటాడు. పక్కనే నిలువులోతు నీటి గుంట.

గని లోపలికి ఫోను తిప్పాడు. లోపల పనివాళ్లను చూసుకునే సర్దార్ లింగమూర్తి ఎత్తాడు.

"జల్ది ఇంకో బత్తి పట్టుకొని బిక్షం కాడికి పో."

"అర్ధగంట నడక భాయ్. ఏమైంది?"

"నడువు ముందు!"

గంట గడిచింది. జలాలుద్దీన్ ఫోను పక్కనుంచి కదల్లేదు. లైను ఉందో లేదోనని రెండుసార్లు ఎత్తి విన్నాడు. రఘుపతి ఇంటికి పోలేదు. గడపలో కూర్చున్నాడు.

ఫోను మోగింది. అవతల బిక్షం.

"ఏంది భాయ్, నాకు గుడ్డి బత్తి అంటగట్టినవ్? పైపు పట్టుకొని కూసున్న. కాలు కదిపితే గుంటలనే."

జలాలుద్దీన్ ఫోనును చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు.

"ఉన్నవా, నువ్వు గూడ ఆరిపోయినవా?" అన్నాడు బిక్షం.

"ఉన్న" అన్నాడు జలాలుద్దీన్.

మర్నాడు ఉదయం మేనేజరును అడిగి, నెత్తికి ఒక దీపం కట్టుకొని, చేతిలో ఇంకొకటి పట్టుకొని, బిక్షం వెంట పంపు దాకా నడిచాడు. షిఫ్టు అయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు.