మా ఆయన ఎక్కాల్సిన జీపు కోసం రాజపాళయం దాకా

పాత జీపు కొనబోతున్నానని తెలిశాక మా పలమనేరులో నాకు సలహా చెప్పని మనిషి లేడు. సొంతంగా సైకిల్ కూడా లేనివాళ్ళు ఛాసిస్ గురించి గంటసేపు మాట్లాడారు. అన్నీ ఓపిగ్గా విన్నాను, ఎందుకంటే నాది సరదా కాదు, అవసరం. మా మామిడితోట ఊరి వెనక గుట్టమీద ఉంది. పైకి వెళ్ళాలంటే రాళ్ళూ ఇసుకా కలిసిన వాగులోంచే దారి. ఆటో రాదు, కారు రాదు, ట్రాక్టరు సగంలో మొండికేస్తుంది. మా ఆయన శేఖర్ నిరుడు జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయి, కర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతున్నాడు గానీ ఆ గుట్ట ఎక్కలేడు. తన చేత్తో నాటిన చెట్లు ఈ ఏడు తొలి కాపు కాశాయి, కాయలు కోసి మండీకి కూడా తోలేశాం. ఆయన మాత్రం చూడలేదు. కూలివాళ్ళు కుర్చీలో మోసుకెళ్తామంటే, "నన్ను మోసే రోజు ఒకటి వస్తుంది, దానికింకా టైముంది" అని కసురుకున్నాడు.

ఆ మాటకు అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నాలుగు చక్రాలూ లాగే బండి ఒకటి తెచ్చి, ఆయన్ని దర్జాగా ముందుసీట్లో కూర్చోబెట్టి పైకి తీసుకెళ్ళాలని ఆ రోజే అనుకున్నాను. డ్రైవింగ్ నాకు బాగా వచ్చు. ఆ సంగతి నేనే చెప్పుకోవాలి, మా ఇంట్లో ఎవరూ చెప్పరు.

తమిళనాడులోని రాజపాళయంలో ఒక జీపు ఉందంటూ మాకు తెలిసినవాళ్ళు వీడియో పంపారు. అమ్మే ఆయన పేరు కే. వీ. తిరుపతి. ఫోన్లో నేను తమిళంలో మొదలుపెడితే, రెండు మాటలకే ఆయన, "అక్కా, మనమూ తెలుగే గదా, ఇంట్లో ఇదే మాట్లాడేది" అన్నాడు. ఎప్పుడో మదురై నాయకరాజుల కాలంలో అటు వెళ్ళి స్థిరపడిన కుటుంబం వాళ్ళది. మాటను నొక్కాలంటే మధ్యలో తమిళంలోలా 'దా' అంటారు. నేను ఒక్కటే కోరాను: మేం వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దని. పాత డీజిల్ బండి వేడిమీద ఉంటే చాలా బుద్ధిగా నడుస్తుంది. దాని అసలు గుణం తెల్లవారి చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. "సరి అక్కా" అన్నాడు.

తోడుగా మా తమ్ముడు మురళి వచ్చాడు. వాడికి కనబడిన ప్రతి జీపూ నచ్చుతుంది. అందుకే అమ్మేవాళ్ళ ముందు నోరు తెరవనని బస్సెక్కకముందే ఒట్టు వేయించుకున్నాను. మధ్యాహ్నం పలమనేరులో బయల్దేరి సాయంత్రానికి చెన్నై చేరాం. ఎగ్మోర్ స్టేషన్ బయట పెరుగన్నం పొట్లాలు కట్టించుకుని, రాజపాళయం మీదుగా సెంగోట్టై వెళ్ళే రాత్రి రైలెక్కాం. వెళ్ళదలచినవాళ్ళు స్లీపర్ టికెట్లు ముందే తీసుకోండి, పండగలు లేని రోజుల్లో కూడా ఆ రైలు కిటకిటలాడుతుంది. ఎదురు బెర్తులో శ్రీవిల్లిపుత్తూరుకు చెందిన పెద్దావిడ మా పని విని పకపకా నవ్వింది. "పాత జీపా? మా వీధిలో ఒకాయనకుంది. దాన్ని తోయడానికే నలుగురు కొడుకుల్ని కన్నాడని మేమంటాం" అంది. మురళి మొహం ముడుచుకుని పై బెర్తు ఎక్కేశాడు.

తెల్లవారుతుండగా రాజపాళయంలో దిగాం. పడమటి కొండల మీద మబ్బు దిగి ఉంది. నూలు మిల్లులో రాత్రి షిఫ్టు ముగించుకున్నవాళ్ళు తలలో దూదిపింజలతో టీ కొట్టు ముందు నిలబడి ఉన్నారు. వాళ్ళ పక్కన, గడగడా చప్పుడు చేస్తూ, పొగ వదులుతూ, మేం చూడొచ్చిన జీపే నిలబడి ఉంది. నా ఒళ్ళు మండింది.

"స్టార్ట్ చెయ్యొద్దన్నాను కదా?"

"చెయ్యకుండా ఎట్ల అక్కా వచ్చేది?" అన్నాడు తిరుపతి, నా చేతిలో సంచి లాక్కుంటూ. నలభై ఏళ్ళ మనిషి, నవ్వుమొహం. "మా ఇంటికని ఇంత దూరం వచ్చినారు. షేర్ ఆటోలో రండి అంటే మా అమ్మ నన్ను లోపలికి విడుస్తుందా?"

ఇది మర్యాదో మాయో తేల్చుకోలేక ఎక్కి కూర్చున్నాను. చోళపురం దారిలో వాళ్ళ ఇల్లు. ఇంట్లో అడుగుపెట్టగానే ఇడ్లీలు, కారప్పొడి, నూనె. బండి మాటెత్తితే, "సాపాడు ముందు, బండి ఎక్కడికీ పోదు" అని తిరుపతి భార్య సుందరి ఇంకో రెండు వడ్డించింది. పెరట్లో ఆమెవి నాలుగు మరమగ్గాలు ఆడుతున్నాయి, ఆసుపత్రులకు బ్యాండేజీ గుడ్డ నేస్తారు. ఆ గుడ్డ సంగతి తర్వాత జీపు కింద పడుకున్నప్పుడు బాగా తెలిసింది. ఆయిల్ కారే చోటల్లా తెల్లటి కట్టు కట్టి ఉంది. రేడియేటర్ పైపుకు కట్టు, స్టీరింగ్ బాక్సుకు కట్టు. యుద్ధంలోంచి తిరిగొచ్చిన సిపాయిలా ఉంది బండి. నిజానికి ఆయిల్ కొద్దిగా కారితే భయపడక్కర్లేదు. పాత జీపు కింద ఒక్క చుక్కా లేకపోతేనే, లోపల ఆయిల్ ఉందో లేదో చూడాలి.

మిగతావి బాగానే ఉన్నాయి. ఛాసిస్‌ను సుత్తితో తట్టుకుంటూ పోయాను, ఎక్కడా బోలు చప్పుడు రాలేదు. అతుకులు, పగుళ్ళు లేవు. కాళ్ళకింది చాపలెత్తి అడుగురేకు తుప్పు పట్టిందేమో చూశాను. స్టీరింగ్ ఎంత వదులుగా ఆడుతోందో తిప్పి చూశాను. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు గుడ్డతో తుడిచి ఆర్‌సీతో సరిపోల్చాను. మురళి ఒట్టు గుర్తుండి మాట్లాడలేదు గానీ బానెట్ నిమురుతూనే ఉన్నాడు.

ఇక మిగిలింది నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. వాళ్ళ కొబ్బరితోపు కొండ కిందే ఉంది, దాని పక్కన ఎండిపోయిన ఓడ, అంటే వాగు. అచ్చం మా దారిలాగే ఉంది. ఇసుకలోకి దించి, ఫోర్‌వీల్ లీవరు వేసి, నెమ్మదిగా తొక్కాను. బండి రెండు గజాలు పోయి, వెనకచక్రాలతో ఇసుక తవ్వుకుని కూర్చుంది.

మురళి ఒట్టు తీసి గట్టుమీద పెట్టాడు. "అక్కా, ముందు చక్రాలు తిరగడమే లేదు!"

దిగి కిందికి వంగి చూస్తే, ఇంజిన్ బలాన్ని ముందు చక్రాలకు తీసుకెళ్ళాల్సిన షాఫ్టు అసలు లేనే లేదు. ఆ చోట గాలి ఉంది.

"మా నాయన తీసినాడు అక్కా, డీజిల్ రొంబ తాగుతుందని," అన్నాడు తిరుపతి తెల్లబోయి. "నేను అప్పుడు స్కూల్లో చదువుతా ఉన్నా. లీవరు పడతా ఉంది గదా, ఫోర్‌వీల్ ఉందనే దా నమ్మినాను."

"లీవరు పడితే చాలా? లీవరు పట్టుకుని మా ఆయన గుట్టెక్కుతాడా?" అని అరిచాను. ఇంత దూరం వచ్చి, ఊరికే వెళ్ళి ఆయన మొహం చూడాలంటే ఏడుపొచ్చింది. అందరి ముందూ ఇసుకలో కూలబడ్డాను. తిరుపతి నా ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి, ఉన్నట్టుండి నెత్తి కొట్టుకుని తోపులోకి పరుగెత్తాడు.

వెనకే వెళ్ళాం. పంపుసెట్టు షెడ్డు ముందు వాళ్ళమ్మ కొబ్బరి మట్టలు చీలుస్తోంది. ఊరంతా అవ్వ అని పిలిచే మనిషి. షెడ్డు తలుపుకు అడ్డగడియగా వేసి ఉన్న ఇనపముక్కను తిరుపతి ఊడపీకాడు. అదే షాఫ్టు! ఇన్నేళ్ళుగా మోటారును కాపలా కాస్తోంది.

"అది ఎత్తుకపోతే నా తలుపుకు ఏమి పెట్టేదిరా? పందులు వస్తే?" అని అవ్వ లేచింది. తిరుపతి నా సంగతి చెప్పాడు. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "పావం, ఎత్తుకపోండి" అంది.

టౌన్ నుంచి మెకానిక్ వచ్చి, షాఫ్టును కిరసనాయిల్లో నానబెట్టి, రెండు చివరలా అరిగిన క్రాసులు, అంటే కీళ్ళు, మార్చి, ముందు ఇరుసులో చిక్కబడ్డ ఆయిల్ తీసి కొత్తది పోసి బిగించేసరికి సాయంత్రమైంది. తిరుగు టికెట్లు మర్నాటికి మార్చుకున్నాం. రాత్రి కోడికూర, రసం తిని అక్కడే పడుకున్నాం. అందువల్ల పొద్దున్నే బానెట్ చల్లగా దొరికింది. ఇంజిన్‌ను ముందుగా వేడిచేసే హీటర్ పెట్టి తాళం తిప్పితే రెండోసారికి అందుకుంది. మొదట నల్లపొగ, తర్వాత ఏమీ లేదు. నీలంపొగ వచ్చిందంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం, అది రాలేదు. నిన్నటి ఇసుకలోకే దించాను. ఈసారి ముందు చక్రాలు ఇసుక చిమ్ముకుంటూ బండిని గట్టెక్కించాయి. మురళి ఈల వేశాడు. నేనూ వేసేదాన్నే, వచ్చుంటే.

అవ్వ చేతులు దులుపుకుంటూ వచ్చింది. "పక్కసీట్లో నేను కూచుంటా అమ్మా. మీ ఆయనకు తుంటి, నాకు మోకాళ్ళు. నా ఎముకలు ఓర్చుకుంటే ఆయనవీ ఓర్చుకుంటాయి."

కమ్మీ పట్టుకుని కాలెత్తింది. కాలు మెట్టు దాకా రాలేదు. ఇంకోసారి ఎత్తింది, రాలేదు. తిరుపతి ఎత్తబోతే వాడి చేతిమీద ఒక్కటిచ్చింది. "విడు. నేనేమి దూదిమూటనా?" మూడోసారీ ప్రయత్నించి, ఆయాసపడుతూ వెనక్కి తగ్గింది. "బండి మంచిది దా. మెట్టు దా ఎత్తు ఎక్కువ" అంది నాతో, మెల్లగా.

ఛాసిస్ తట్టాను, నంబర్లు చూశాను, పొగ రంగు చూశాను. మా ఆయన కాలు ఎంత ఎత్తుకు లేస్తుందో మాత్రం ఆలోచించలేదు. కింద ఇంకో మెట్టు వెల్డింగ్ చేయిద్దామంటే, వాగులో రాళ్ళకు కొట్టుకుని అది నాలుగు రోజులుండదు. అయినా కొన్నాను. పాత జీపులన్నీ అంత ఎత్తే. ధర ఇక్కడ రాయను. మురళి పక్కనుండగా చేసిన బేరం కాబట్టి గొప్పగా చెప్పుకునేంత లేదు. వేరే రాష్ట్రానికి మార్చాలంటే అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ రావాలి, నెల పడుతుందన్నారు. అడ్వాన్స్ ఇచ్చి, కాగితాలు వచ్చాక బండి తీసుకెళ్తామని చెప్పి, సాయంత్రం రైలెక్కాం. సుందరి దారికి పులిహోర కట్టిచ్చింది.

శ్రీవిల్లిపుత్తూరు దాటాక కొండలు వెనకబడ్డాయి. ఈ ప్రయాణంలో నేను నేర్చుకున్నది ఒక్కటే. అమ్మేవాళ్ళు మంచివాళ్ళయినా సరే, బండి కిందికి దూరి చూడండి. తర్వాత, అందులో ఎక్కబోయే మనిషిని తలుచుకుంటూ ఒకసారి మీరే నెమ్మదిగా ఎక్కి చూడండి. ఇలా అనుకుంటుండగా ఇంటినుంచి మా ఆయన ఫోన్ చేశాడు. ఫోర్‌వీల్ సంగతి, షాఫ్టు సంగతి గబగబా చెప్పాను. మెట్టు మాట ఎత్తలేదు.

"అది సరేలే. మెట్టు ఎంత ఎత్తుంది?" అన్నాడు.

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"నువ్వు వీడియో చూపించిన దినం నుంచీ నువ్వు తోటకు పోయినాక వాకిట్లో ఇటుకలు పేర్చుకుని, కిటికీ ఊచ పట్టుకుని ఎక్కి దిగతా ఉండా. మొదట ఒక వరస. ఈ పొద్దుకు నాలుగు వరసలు అయినాయి. నొప్పుంది గానీ ఎక్కినా. చెప్పు, ఇది చాలునా, ఇంకో వరస పెట్టల్లా?"

కళ్ళు తుడుచుకుంటుంటే మురళి కంగారుగా నా చెయ్యి పట్టుకున్నాడు. వాడికి ఏమీ లేదని సైగ చేశాను.

"ఇంకో వరస పెట్టు" అన్నాను.