కొత్త పట్టీల చప్పుడు

మిర్చి బస్తాల బరువు ఆపుతుందని నా అంబాసిడర్ వెనక చక్రాల మీది కమాన్ కట్టల్లో ఒక్కో ఉక్కు పట్టీ అదనంగా వేయించాను. ఆ రోజు నుంచీ చప్పుడే. కొత్త పట్టీలు సర్దుకునేదాకా అంతేనని అందరికీ చెప్పేవాణ్ణి.

వినుకొండ దాటాక, తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దాయన చెయ్యెత్తితే వెనక సీట్లో ఎక్కించుకున్నాను. రెండు గుంతలు దాటేసరికి ఆయన వంగి కాళ్ళ దగ్గర కారు అడుగు రేకు మీద అరచెయ్యి ఆనించాడు.

"కొత్త పట్టీ అయితే కీచుమంటది బాబూ. ఇది టక్కుమంటోంది. కట్టను పట్టి ఉంచే బోల్టు నట్టు వదులైనట్టుంది. ఒకసారి ఆపి చూడండి."

"నా కారు సంగతి నాకు తెలుసు. నువ్వు కూర్చో" అన్నాను.

దారిలో నేనొక్కణ్ణే దిగి టీ తాగొచ్చాను. ఆ తర్వాత చప్పుడు ఆగిపోయింది.

"చూశావా, సర్దుకుంది" అన్నాను. ఆయన తలూపాడు. దర్శి దగ్గర దిగి, మిట్టమధ్యాహ్నం ఎండలో ఉత్త తలతో పత్తి చేలకు అడ్డంపడి వెళ్ళిపోయాడు.

మర్నాడు కారు కింద దూరిన మెకానిక్, "ఇదెవరు కట్టారండీ? లేకపోతే నట్టు ఊడిపోయేది" అన్నాడు. బోల్టు చుట్టూ మెలేసి బిగించిన తువ్వాలు, గ్రీజుతో నల్లబడి ఉంది.

అంత ఎండలో ఉత్త తలతో వెళ్తున్నావేమని కూడా నేను ఆయన్ని అడగలేదు.