చెయ్యి కనపడే చోటు

తిరుపతిలో కుక్కను గొలుసు తీసి పరిగెత్తనిచ్చే చోటు కోసం తిరగతా ఉంటే నవ్వినవాళ్ళే ఎక్కువ. వీధి నిండా కుక్కలు వాటంతట అవే తిరగతా ఉండాయి, నీ కుక్కకు ప్రత్యేకంగా చోటెందుకు అన్నారు. నిజమే. ఆ వీధికుక్కల మధ్యన దీన్ని వదిలితే చీల్చిపెడతాయి, అందుకే చోటు.

నగరిలో నేనూ నా పెండ్లామూ ఒకే మరమగ్గాల షెడ్డులో పనిచేసినాము. నేను మగ్గాలు చూసుకుంటే ఆమె కండెలకు నూలు చుట్టేది. మగ్గాలు ఆడతా ఉంటే చెవిలో నోరు పెట్టి అరిచినా మాట వినపడదు. అందుకని షెడ్డులో అందరికీ చేతులే నోళ్ళు. చెయ్యి పైకెత్తితే ఆపు అని. బొటనవేలు పెదవికి ఆనిస్తే టీ వచ్చిందని. కడుపు మీద గుండ్రంగా గీస్తే ఓనరు వస్తా ఉండాడని, ఆయనకు బొజ్జ ఉండేది. ఈ కుక్క ఆ షెడ్డులోనే, కండెల బుట్టల వెనక పుట్టింది. పేరు పెట్టలేదు. పిలిస్తే వినపడని చోట పేరెందుకు? చేతులు చూసే పెరిగింది.

పోయినేడు ఆమె చనిపోయింది. కొన్నాళ్ళకు ఓనరు మగ్గాలను పాత ఇనుము కింద తూకానికి వేసేసినాడు. అప్పటికే నా చెవులు సగం పోయినాయి. తిరుపతిలో ఉండే మా అక్క కూతురు, మిద్దె మీద రేకుల గది ఖాళీగా ఉండాది, వచ్చేయి మామా అనింది. కుక్కను పట్టుకొని వచ్చేసినాను.

వచ్చిన కొత్తలోనే పంచాయితీ మొదలయింది.

"మామా, అది పొద్దస్తమానం అరస్తా ఉండాది. కింద బాడిగకుండేవాళ్ళు ఖాళీ చేస్తామంటా ఉండారు."

"నాకేం వినపడలేదే."

"నీకు ఇడ్లీ కావాల్నా అని అరిస్తేనే వినపడదు, ఇంక కుక్క వినపడతాదా! గొలుసుకు కట్టి కూర్చోబెడితే అరవక ఏం చేస్తాది? రోజూ యాడన్నా పరిగెత్తిచ్చుకొని రా. ఈ నెలలో అరుపు ఆగకుంటే వడమాలపేటలో మా మరిది మామిడితోటకు పంపించేస్తా. చెప్తా ఉండా."

"ఆడేం చేస్తారు దాన్ని?"

"ఏం చేస్తారు? కాపలాకు కట్టేస్తారు."

ఉన్నమాట చెప్తాను. నాకు కుక్కల మీద పెద్ద ప్రేమ లేదు. దానికి కూడు పెట్టిందంతా నా పెండ్లామే. కానీ ఈ ఊర్లో నా చేతులను చదివేది అదొక్కటే. అది పోతే ఇంక నాకు ఆ చేతిమాటలు మాట్లాడేదానికి ప్రాణి లేదు.

ముందు మునిసిపాలిటీ పార్కుకు పోయినాను. పచ్చిక, చుట్టూ గోడ, బాగుండాది. గేటు దగ్గర కాపలాదారు కట్టె అడ్డం పెట్టినాడు.

"బోర్డు చదువుకోలేదా పెద్దాయనా?"

నిలబడి కూడబలుక్కున్నాను. కుక్కలకు ప్రవేశం లేదు. తల నెరిసినాక రాత్రిబడికి పోయి నేర్చుకున్న అక్షరాలు ఇట్లా పనికొచ్చినాయి. వెనక్కి తిరిగినాను.

తర్వాత చంద్రగిరి దోవలో ఏటి ఇసక. పొద్దున్నే కొందరు కుక్కలను తెచ్చి వదలతారని ఎవరో చెప్పినారు. గొలుసు తీసినాను. పది బారలు పరిగెత్తి, వెనక్కి తిరిగి నా చేతులు చూసి, మళ్ళీ పరిగెత్తి, సర్కారుతుమ్మ కంపల్లో దూరిపోయింది.

"పిలువప్పా!" అన్నాడు పక్కన ఒకాయన. "పేరేంది దానికి?"

"పేరు లేదు."

"పేరు లేని కుక్కను ఎట్ట పెంచినావబ్బా?" అని అందరూ నవ్వినారు.

చేతులు ఎత్తుకొని ఆ ఇసకలో నిలబడినాను. కంపల అవతల ఉండేదానికి చెయ్యి ఏం కనపడతాది? ఎండెక్కినాక దానంతట అదే వచ్చింది, ఒళ్ళంతా పల్లేరు ముండ్లు. ముండ్లు తీస్తా ఉంటే నాకు అర్థమయింది. అందరికీ కావాల్సింది చెట్టు, నీడ. నాకు కావాల్సింది అడ్డం లేని చోటు.

బైపాసు దాటినాక ఇళ్ళ స్థలాలకని జేసీబీతో చదును చేసిన నేల ఉండాది. హద్దురాళ్ళు తప్ప ఏమీ లేదు. చెట్టు లేదు, చుక్క నీళ్ళు లేవు, మనిషి రాడు. పారేసిన కూడు లేదు కాబట్టి వీధికుక్కలూ రావు. గొలుసు తీసినాను. ఆ కొసదాకా పరిగెత్తింది. అంత పెద్ద పరుగు అది షెడ్డులో యాడ పరిగెత్తిందని! చెయ్యి పైకెత్తినాను. టక్కున నిలబడింది.

నిలబడింది, అంతే. రాలేదు.

నా చెయ్యి ఎప్పుడూ దాన్ని ఆపిందే. మగ్గం కిందికి పోబోతే ఆపేవాణ్ణి, అంతే. రమ్మనేది నా పెండ్లాము. అరచేత్తో రొమ్ము మీద రెండుసార్లు తట్టేది. చంటిబిడ్డను పిలిచినట్టు ఏంది అది అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆ పని నేను ఎన్నడూ చెయ్యలేదు. చుట్టూ చూసినాను. ఎవరూ లేరు. తట్టినాను.

దుమ్ము రేపుకుంటా వచ్చింది. వచ్చి నా దగ్గర ఆగలేదు. నన్ను దాటి పోయి, నా వెనకాల వెతికింది. వాసన చూసింది. చాలాసేపు అట్లే చూసి, మెల్లిగా వచ్చి నా కాళ్ళకాడ కూర్చున్నది. నేనూ నేల మీద కూర్చున్నాను.

రోజూ ఆడికే పోతా ఉండాము. అరుపు ఆగిందంట, నెల దాటింది, తోట మాట ఎవరూ ఎత్తలేదు. నిన్న మా అక్క కూతురు అన్నం పెడతా గట్టిగా అడిగింది.

"నీడ లేదంటావు, మనుషులు లేరంటావు, అంత బయల్లో దాన్ని ఎట్ట పిలస్తావు మామా?"

నోటితో చెప్పలేక చేసి చూపించినాను.

"ఏం మామా, రొమ్ములో నొప్పా?" అని గాబరాపడి చెంబు తెచ్చేదానికి లోపలికి పరిగెత్తింది.

గడప అవతల పడుకున్న కుక్క లేచి వచ్చింది.