అక్కయ్య గదిలో లైటు

పోయిన నెల నందిగామ నుంచి మా తోడికోడలు ఫోన్ చేసింది. తోడికోడలంటే మా ఆయన అన్నగారి భార్య. నాకంటే పెద్దది కాబట్టి కాపరానికి వచ్చిన నాటి నుంచీ అక్కయ్యా అనే పిలుస్తున్నాను, లోపల ఏమని పిలుచుకున్నానో అది వేరే సంగతి. మోకాళ్ళ నెప్పులూ, కోడలి కూరల్లో ఉప్పు తక్కువ కావడమూ అన్నీ అయ్యాక గొంతు బాగా తగ్గించి, ఈ మధ్య తను గదిలో కూర్చుంటే లైటు దానంతట అదే ఆరిపోతోందనీ, మనవడు ముచ్చటపడి చేతికి పెట్టిన గడియారం కూడా తన చేతి మీద నల్లగా మొహం మాడ్చుకుని ఉంటోందనీ, అదే గడియారం వాడి చేతికి శుభ్రంగా వెలుగుతోందనీ, చూడబోతే తన ఒంట్లోనే ఏదో ఉందని భయంగా ఉందనీ చెప్పుకొచ్చింది. అయ్యో అన్నాను. ఫోన్ పెట్టేసి పైట చెంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. ఆ నవ్వు తగ్గడానికి మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది.

ఎందుకంత నవ్వంటే, నా ఈడు వాళ్ళకయితే చెప్పగానే అర్థమవుతుంది. మన రోజుల్లో సందె వేళ మొదటి లైటు వెయ్యడమంటే చిన్న సంగతి కాదు. జగ్గయ్యపేట బజార్లో మా అత్తవారిది పచారీ కొట్టు, ముందు కొట్టూ వెనకాల ఇల్లూ, రెంటికీ మధ్య గడప పక్కన ఒక నల్లటి స్విచ్చి. ఆ స్విచ్చి వేసి కొట్లో బల్బు వెలగగానే తక్కెడ పట్టుకున్న వాళ్ళు తక్కెడ దించి, పొట్లం కట్టే వాళ్ళు పొట్లం వదిలి, ఇంట్లో వాళ్ళందరూ గడప దగ్గరికి వచ్చి, కళ్ళు మూసుకుని ఆ వెలుతురుకి దణ్ణం పెట్టుకునే వాళ్ళు. సున్నపురాయి దుమ్ముతో తెల్లగా అయిపోయి బీడీల కట్ట కోసం వచ్చిన లారీ డ్రైవర్లు కూడా చేతులు జోడించే వాళ్ళు, బేరమాడుతున్న రైతు కూడా ఆ కాసేపు నోరు మూసుకునే వాడు. లైటు వేసేది ఇంటి ఆడది. అత్తగారికి కీళ్ళవాతం ముదిరాక ఆ పని కోడళ్ళకి వచ్చింది, ఒక రోజు అక్కయ్య, ఒక రోజు నేను.

నేను నందిగామ పిల్లని, పది పాసయ్యాను, అందుకని మా నాన్న ముచ్చటపడి నా చేతికి ఒక గడియారం కొనిచ్చాడు, రోజూ పొద్దున్నే కీ ఇచ్చుకునే రకం. కొత్త కోడలు గడియారం పెట్టుకుని కొట్టు గడప దగ్గర నిలబడి లైటు వేస్తే మామగారు మురిసిపోయి, ఈ పిల్ల చెయ్యి మంచిదని వచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ మాటే నా కొంప ముంచింది. ఆయన మనసులో ఏ పాపమూ లేదు గానీ, వింటున్న అక్కయ్య మొహం ఎట్లా ఉందో చూసుకోవద్దూ!

తర్వాత కొన్నాళ్ళకి నా వంతు వచ్చిన రోజుల్లో ఒక చిత్రం మొదలైంది. బల్బు వెయ్యగానే భగ్గున వెలిగేది, అందరం కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని కళ్ళు తెరిచేసరికి ఎర్రబడి, జబ్బు మనిషి కళ్ళలాగా నీరసంగా ఉండేది. అక్కయ్య వంతు రోజున మటుకు నిండుగా వెలిగేది. ముందు అక్కయ్యే అంది, చాలా జాలిగా అంది, పాపం కొత్త పిల్ల చెయ్యి పడితే వెలుతురు కుంగిపోతోందేమిటో అని. మర్నాటికి పక్కింటి వాళ్ళకి తెలిసింది, వారం తిరిగేసరికి బజారంతా తెలిసింది. అదే సమయంలో నా ఖర్మ కొద్దీ చేతి గడియారం ఆగడం మొదలుపెట్టింది. జగ్గయ్యపేటలో ఆగిపోయేది, బాగు చేయించమని నందిగామ పంపిస్తే అక్కడ హాయిగా నడిచేది, మళ్ళీ నా చేతికి వచ్చాక ఆగిపోయేది. అదెందుకు ఆగేదో ఈ రోజుకీ నాకు తెలియదు. అక్కయ్యే ఏదో చేసిందని నేను నిరూపించలేను, అలాగని నమ్మడం మానలేదు కూడా.

ఇక భయం పట్టుకుంది నాకు. నా వంతు వస్తే లైటు వేసి దణ్ణం పెట్టుకోవడానికి కూడా కళ్ళు మూసుకోలేక, ఎప్పుడు కుంగుతుందోనని ఆ బల్బు వంకే గుడ్లప్పగించి చూస్తూ నిలబడే దాన్ని. అట్లా కళ్ళు తెరిచి ఉండబట్టే అసలు సంగతి తెలిసింది. అందరూ కళ్ళు మూసుకుని వరసగా నిలబడి ఉన్నారు, ఆ వరసలో అక్కయ్య లేదు. దొడ్లోంచి బావి మోటారు గుర్రుమని లేచింది, లేచిన మరుక్షణం బల్బు చతికిలబడింది. ఆ రోజుల్లో మా వీధిలో కరెంటు బలమెంతో మీకు తెలియనిది కాదు, మోటారు తిరిగితే బల్బు కునకాల్సిందే. రోజూ ఆ మోటారు చప్పుడు వింటున్న చెవులే అందరివీ, కానీ దణ్ణం పెట్టుకుంటూ కళ్ళు మూసుకున్న వాళ్ళకి ఆ రెండూ ఒకేసారి జరుగుతున్నాయని తెలియలేదు. నా తర్వాతి వంతులో చూశాను, అదే తంతు. అక్కయ్య వంతు రోజున చూశాను, దీపాలు పెట్టడం అయ్యాక, టీలు తాగడం అయ్యాక, అప్పుడు తీరిగ్గా తిరిగింది మోటారు.

పరుగున వెళ్ళి అత్తగారి చెవిన వేశాను. నా అంత వెర్రిది ఇంకొకతె ఉండదు. అక్కయ్య దొడ్డి గట్టు మీద కూలబడి, ఇంటిల్లిపాదికీ నీళ్ళు పట్టి పోస్తున్నందుకు నాకీ నిందా అని ఏడ్చింది, ఆ ఏడుపు చూస్తే నాకే జాలి వేసింది. అత్తగారు నా వంక చూసి, పెద్దదాని మీద చాడీలు చెప్పడం కూడా నేర్చావా అని, ఆ రోజు నుంచీ నేను స్విచ్చి ముట్టుకోనక్కర్లేదని తీర్మానం చేసింది. మా ఆయన అక్కడే ఉన్నాడు. ఏమన్నా అంటాడేమోనని చూశాను, ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అప్పటి నుంచీ సందె వేళయితే నేను దొడ్లో ఉండే దాన్ని. ఏ ఇంటికి పేరంటానికి పిలిచినా దీపాలు వెలిగించాకే లోపలికి అడుగుపెట్టే దాన్ని. మోటారు సంగతి తెలిసి కూడా, గడియారం సంగతి తేలక, నిజంగానే నా ఒంట్లో ఏదైనా పాడు ఉందేమోనని అనుమానం. నా కొడుక్కి అన్నప్రాశన చేస్తుంటే దేవుడి దగ్గర దీపం వెలిగేదాకా వాణ్ణి అక్కయ్య చేతుల్లో పెట్టి, నేను గుమ్మం బయట నిలబడ్డాను. నా బిడ్డని ఎత్తుకుని ఆవిడ నవ్వుతూ కూర్చుంది. ఆ నవ్వు నేను మర్చిపోలేదు, చచ్చేదాకా మర్చిపోను.

అంతకంటే ఘోరం కొత్త కొట్టు తెరిచిన రోజు జరిగింది. మెయిన్ రోడ్డు మీద పెద్ద కొట్టు తీసుకున్నారు, అన్నీ ట్యూబ్ లైట్లే. ఆ రోజు పొద్దున్నే, మీ అమ్మకి ఒంట్లో బాగాలేదట, కబురొచ్చింది, వెంటనే వెళ్ళు అని నన్ను చంటివాడితో సహా నందిగామ బస్సెక్కించారు. దారంతా ఏడుస్తూనే ఉన్నాను, అమ్మకి ఏమైందోనని మొక్కని దేవుడు లేడు. ఇంటికెళ్ళి చూస్తే మా అమ్మ వాకిట్లో పీట వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి, ఇవాళ మీ కొట్టు తెరుస్తున్నారు కదే, వచ్చావేమిటి అంది. చెంబు నీళ్ళు తాగి, ఊరికే చూడాలనిపించింది అన్నాను. అమ్మకి అర్థమైంది, మళ్ళీ గింజలు తియ్యడంలో పడింది. ఆ వాకిట్లో నిలబడే అనుకున్నాను, వీళ్ళ కళ్ళ ముందే వెలుగుతాను, వీళ్ళ కళ్ళు మండేలా వెలుగుతాను అని.

అన్నదమ్ములు వేరు పడ్డాక మా వాటాతో ఏం కొట్టు పెడదామని మా ఆయన అడిగితే లైట్ల కొట్టు అన్నాను. బల్బులూ, ట్యూబులూ, ఫ్యాన్లూ. పేపరు దించి నా మొహం చూసి, ఎందుకో సరే అనేశాడు, మనిషి అంత తొందరగా ఒప్పుకోవడం అదే మొదలు. కొట్టు ఎక్కడంటే, సరిగ్గా బావగారి కొట్టుకి ఎదురుగా. గల్లా దగ్గర కూర్చునేది నేనే. మా బేరంలో ఒక పద్ధతుంది కదా, బల్బు అమ్మేటప్పుడు కొట్లో హోల్డరుకి పెట్టి, వెలిగించి చూపించి ఇవ్వాలి. ఆ పని ఇంకెవరినీ ముట్టుకోనిచ్చే దాన్ని కాదు. ప్రతి బల్బూ నా చేత్తో బిగించి, నా చేత్తో స్విచ్చి వేసి, వెలిగిన బల్బు రోడ్డు అవతలికి కనపడేలా కాస్త పక్కకి జరిగి నిలబడే దాన్ని. సందె వేళ కొట్లో ఉన్న సరుకంతా ఒకేసారి వెలిగించే దాన్ని, కరెంటు దండగని మా ఆయన గొణిగినా సరే. అక్కయ్య ఎదుటి గుమ్మంలోంచి చూస్తూ ఉండేది. చూడనీ అనుకునే దాన్ని, కళ్ళు కాయలు కాచేలా చూడనీ.

వాళ్ళింట్లో బల్బు పోతే మటుకు ఎదురుగా ఉన్న నా కొట్టుకి వచ్చే వాళ్ళు కాదు. నందిగామ బస్సెక్కి, అక్కడ కొని, ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకునే వాళ్ళు. నా చెయ్యి పడ్డ బల్బు ఇంట్లో పెట్టకూడదట. ఒకసారి బావగారు బస్సు దిగుతూ తడబడి, తెచ్చిన బల్బు మా కొట్టు ముందే పగలగొట్టుకున్నాడు. చీపురు పట్టుకొచ్చి ఆ గాజు పెంకులు నేనే ఊడ్చాను, జాగ్రత్త బావగారూ అని మర్యాదగా అన్నాను కూడా. ఆ రోజు నాకు అన్నం రెండు ముద్దలు ఎక్కువే దిగింది.

ఇదంతా జరిగి ఎన్నేళ్ళయిందో. అత్తమామలు పోయారు, బావగారు పోయాడు, ఆ కొట్టు మూసేసి అక్కయ్య కొడుకు నందిగామలో కొత్త ఇల్లు కట్టుకుని ఆవిడని తీసుకెళ్ళాడు. నా కొట్టు ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు గానీ ఏ కొత్త సరుకు వచ్చినా నేను చూడకుండా అరలోకి ఎక్కదు. అందుకే అక్కయ్య ఫోన్లో ఆ మాట చెప్పగానే సంగతేమిటో నాకు తెలిసిపోయింది. అయినా కళ్ళారా చూడాలనిపించి ఆ ఆదివారమే బస్సెక్కాను.

గదిలోకి అడుగుపెట్టగానే లైటు దానంతట అదే వెలిగింది. పైకి చూస్తే కప్పుకి అతికించిన తెల్లటి బుడిపె, అనుకున్నదే. మనిషి కదిలితే వెలిగి, కదలిక లేకపోతే ఆరిపోయే లైటు, కరెంటు ఆదా అని కొడుకు పెట్టించాడు. అక్కయ్య మోకాళ్ళ నెప్పులతో మంచం మీద బొమ్మలా కూర్చునే మనిషి, మరి లైటు ఆరక ఏం చేస్తుంది? చేతి గడియారమూ అంతే, చెయ్యి పైకెత్తితే వెలిగే రకం, ఆవిడేమో చేతులు ఒళ్ళో పెట్టుకుని కిందికి చూస్తుంది. ఈ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో కూడా, ఫోన్లు చూసుకుంటూ ఏదో గొణిగి ఉంటారు. నాయనమ్మ వస్తే లైటు భయపడుతుందని పిల్లలు నవ్వుతారట, సరదాకే. మొన్న ఇంట్లో వ్రతం చేసుకుంటుంటే ఆవిడే భయపడి, హారతి అయ్యేదాకా గదిలోంచి బయటికి రాలేదట. కాసేపటికి ఇద్దరమూ కదలకుండా కూర్చున్నాం, లైటు ఆరిపోయింది.

"చూశావా," అంది చీకట్లోంచి. తర్వాత చాలా మెల్లగా అడిగింది. "అప్పట్లో నీకూ ఇట్టాగే ఉండేది గదా. నీకెట్టా తగ్గింది, చెల్లాయ్?"

నా ఒళ్ళు భగ్గుమంది. ఇన్నేళ్ళూ నేను ఎదురుచూసింది ఆవిడ నోటి వెంట ఒక్క ముక్క కోసం, ఆ మోటారు నేనే వేశాను అనే ముక్క కోసం. పళ్ళు బిగపట్టి, "మోటారు ఆపేస్తే తగ్గింది అక్కయ్యా," అన్నాను.

"ఏ మోటారు?" అంది.

నిజంగా మర్చిపోయిందో, ఆడిన అబద్ధాన్ని తనే నమ్మేసిందో ఆ గొంతుని బట్టి నాకు తెలియలేదు. నా బతుకులో అంత భాగం మింగేసిన మోటారు ఆవిడకి గుర్తే లేదు. చెయ్యి కాస్త పైకెత్తి ఊపితే చాలు, గదంతా వెలుతురు వచ్చేది, సంగతి తేలిపోయేది. నేను ఎత్తలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కొంగు కూడా కదలనివ్వకుండా కూర్చున్నాను. పక్కన ఆవిడ భయంతో ఊపిరి తీస్తున్న చప్పుడు వినపడుతూనే ఉంది. హాయిగా ఉంది నాకు, దాచుకోవడం ఎందుకు.

ఇంతలో కోడలు టీ గ్లాసులు పట్టుకుని లోపలికి వచ్చింది, లైటు భగ్గున వెలిగింది. అది వస్తే వెలుగుతుంది చూడు అన్నట్టు అక్కయ్య నా వంక దీనంగా చూసింది. బయట సందె చీకటి పడుతోంది. ఎట్లా జరిగిందో ఏమో, పాత అలవాటు కాబోలు, ఇద్దరం ఒకేసారి కళ్ళు మూసుకుని లైటుకి దణ్ణం పెట్టాం. కళ్ళు తెరిచేసరికి ఆ పిల్ల నవ్వాపుకుంటూ నిలబడి ఉంది, లైటుకి దణ్ణమేంటి అత్తయ్యా అంటూ.

ఆ పిల్ల తప్పేముంది. ఇప్పటి లైట్లు వెయ్యడానికి ఎవరి చెయ్యీ అక్కర్లేదు, మంచి చెయ్యీ చెడ్డ చెయ్యీ అని వాటికి తేడా తెలియదు. సందె వేళ బజారంతా ఒక్క క్షణం నోరు మూసుకుని వెలుతురుకి చేతులు జోడించేదని చెబితే పిల్లలకి కట్టుకథలా ఉంటుంది. ఆ గడప దగ్గర స్విచ్చి వేసిన వాళ్ళం ఇద్దరమే మిగిలాం, అందులో ఒకరంటే ఒకరికి పడదు.

అక్కయ్య ఇప్పటికీ వారానికోసారి ఫోన్ చేస్తుంది, ఏమన్నా ఉపాయం తెలిసిందా అని అడుగుతుంది. కనుక్కుంటున్నాను అక్కయ్యా అంటాను. ఒక్క మాట చెబితే ఆవిడ భయం పోతుంది, ఆ మాట నా దగ్గర ఉంది. ఒకప్పుడు అట్లాంటి మాటే ఆవిడ దగ్గర ఉండేది, నేను గుమ్మం బయట నిలబడి ఉండేదాన్ని.