కబ్ద్‌లో ఎడమవైపు అరిగిన మెట్టు

"నాలుగు నూర్ల ఏండ్ల ఇంటిని పద్నాలుగు నెలల్లో కట్టినా" అని మస్తాన్ భాయ్ అన్నప్పుడల్లా ఫర్వానియాలోని వాళ్ళ గదిలో నవ్వులు లేచేవి. అదే భవనంలో పై అంతస్తులో నేనుంటాను. కాంక్రీటు నాణ్యత తేల్చే ప్రయోగశాలలో నా ఉద్యోగం. ఏ మాటనైనా పరీక్షించి చూడందే ఒప్పుకోనని నాకు పేరు.

రాయచోటి నుంచి గల్ఫ్‌కు వచ్చి ముప్పై ఏళ్ళు తాపీపని చేసిన మస్తాన్ భాయ్ వచ్చే గురువారం శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోతున్నాడు.

"రాయచోటిలో ఈయన కట్టుకున్న ఇల్లు వానొస్తే కారతాదంట. ఈడ మాత్రం ఇంగ్లండు బంగళా కట్టినాడంట" అన్నాడు ఆ గదిలోనే ఉండే కడప ఓబులేసు.

మస్తాన్ భాయ్ నా వైపు తిరిగాడు. "మీరొచ్చి చూడండి సార్. మీరు చెప్తే వీళ్ళు నమ్ముతారు. ముప్పై ఏండ్లు పనిచేసి, అబద్ధాలకోరు అనిపించుకుని పోవాల్నా నేను?"

శుక్రవారం ఉదయం ఏడుంబావుకు బయలుదేరాం. ఊరి బయట ఎడారిలో ఉన్న కబ్ద్ తోటలకు నేరుగా బస్సు లేదు. పశువుల గడ్డి తీసుకెళ్ళే ఒక పికప్‌లో ముందు సీటు దొరికింది. డ్రైవరు పాకిస్తానీ, దారంతా ఉర్దూలో మస్తాన్ భాయ్‌తో క్రికెట్టు గురించి వాదించాడు. జనవరి కావడంతో గాలి చల్లగా ఉంది. ఎనిమిదిన్నరకు ఒక ఇనుప గేటు ముందు దిగాం. అది సొంత నివాసం. చూడదలచినవారు మాలాగే ముందుగా ఫోను చేసి అనుమతి తీసుకోవాలి.

ఒంటెల కొట్టాలూ ఖర్జూరపు వరుసలూ దాటాక కనిపించిన ఇల్లు నన్ను కాసేపు నిలబెట్టేసింది. ఎడమ భాగం గరుకు రాతిగోడలతో, చిన్న కిటికీలతో పొట్టిగా ఉంది. దానికి ఆనుకుని ఎర్ర ఇటుకల భాగం, పొడవాటి కిటికీల సరిసమానమైన వరుసలతో, ఠీవిగా నిలబడింది. కుడి చివర అద్దాల గది ఒకటి ముందుకు పొడుచుకువచ్చింది. ఒక కిటికీని వేరే రంగు ఇటుకలతో మూసేశారు. పొగగొట్టంలోంచి ఏసీ పైపులు బయటికి వస్తున్నాయి.

యజమానిని పనివాళ్ళందరూ బాబా అంటారు. ఎనభై దాటిన మనిషి. చక్కటి ఇంగ్లీషులో నాకు వివరించాడు. విద్యార్థిగా ఇంగ్లండులో మూడేళ్ళు ఒక పాత రెక్టరీలో, అంటే చర్చి గురువులు తరతరాలుగా కాపురమున్న ఇంట్లో, అద్దెకున్నాడట. వచ్చిన ప్రతి గురువూ ఆ ఇంటికి ఏదో ఒకటి కలిపాడట, లేదా మూశాడట. ఆ చేర్పులు ఏ క్రమంలో జరిగాయో అదే క్రమంలో ఇక్కడ కట్టించాడు.

"అప్పట్లో కిటికీల లెక్కన వేసే పన్ను తప్పించుకోవడానికి దాన్ని మూశారు" అన్నాడాయన.

మూసిన ప్రతి పాత కిటికీ గురించీ ఆ మాట చెబుతారు. ఈ కిటికీకి ఆధారమేమిటని అడిగాను. లేదని ఒప్పుకున్నాడు. ఆ ఇల్లు నాలుగు వందల ఏళ్ళదనడానికి కూడా అద్దెకిచ్చిన ఆవిడ మాటే ఆధారం. రాళ్ళు మాత్రం ఇంగ్లండువి కావు. "ఇక్కడి షువైఖ్ బజారులోనే కొన్నాను" అని నవ్వాడు.

మస్తాన్ భాయ్ చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఈయన గుర్తున్నాడా అని అడిగాను. బాబా పరిశీలనగా చూసి తల అడ్డంగా ఊపాడు. "అప్పట్లో అరవైమంది మేస్త్రీలుండేవారు."

మస్తాన్ భాయ్ ముఖం చిన్నబోయింది. పునాది లోతూ దూలాల లెక్కా అతడు చెప్పగలడు. కానీ అవి ఆ అరవైమందిలో ఎవరైనా చెప్పగలరు.

పదిన్నరకు లోపలి మెట్లు ఎక్కుతుండగా మూడో మెట్టు దగ్గర ఆగాను. శతాబ్దాలుగా పాదాలు అరగదీసినట్టు కనిపించాలని రాయిని గుంటగా చెక్కారు. అయితే పట్టుకునే కమ్మీ కుడివైపు ఉంది, ఎక్కేవాళ్ళు ఆ పక్కనే నడుస్తారు. గుంట ఎడమవైపు ఉంది.

"దీన్ని చెక్కినవాడు మనుషులు ఎలా ఎక్కుతారో ఆలోచించలేదు" అన్నాను.

వెనక నుంచి మస్తాన్ భాయ్ గొంతు చాలా నెమ్మదిగా వినిపించింది. "నేనే సార్ చెక్కినది. బాబా ఇచ్చిన ఇంగ్లండు ఇంటి ఫోటోలో ఆ మెట్టు ఒక్కటే కనపడేది. అది పైనుంచి తీసిన ఫోటో. నేను కింద కూర్చుని చెక్కినా. ఎడమ కుడి తారుమారైపాయె."

ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే బాబా గిరుక్కున తిరిగాడు. గల్ఫ్ హిందీలో అడిగాడు: "మెట్టు మేస్త్రీవి నువ్వా? నేను కేకలేస్తే సిమెంటు బస్తాల చాటుకు పోయి ఏడ్చింది నువ్వేనా?"

"నేనే బాబా."

"మరుసటి రోజు కొత్త రాయి తెస్తానన్నావు. ఖలాస్, వద్దన్నాను. గుర్తుందా?"

"మీ చేత్తోనే చాయ్ ఇచ్చినారు."

బాబా అతడి భుజం పట్టుకుని మెట్టు ఎక్కాడు. ఎడమ పాదం సరిగ్గా గుంటలో పడింది. పదిహేడేళ్ళుగా కాలు దానంతటదే అక్కడికే పోతోందన్నాడు. ఆయన పైకి వెళ్ళాక నేను వంగి ఫోను వెలుగులో చూశాను. గుంట అంచున రాయి చెక్కిన యంత్రపు గీతలు ఇంకా ఉన్నాయి. నడుమ అవి చెరిగిపోయి రాయి నునుపుదేలింది. తుడవడం వల్లనైతే రాయంతా ఒకేలా నునుపెక్కాలి. అలా లేదు. అంటే ఆ కాస్త మేరకు అరుగుదల నిజమైనదే.

భోజనానికి మచ్‌బూస్, అంటే మాంసంతో వండే మసాలా అన్నం, పెట్టారు. రెండుంబావుకు టాక్సీ ఎక్కాం. డ్రైవరు ఐదు దినార్లు అడిగి నాలుగుకు ఒప్పుకున్నాడు. ఆ ఇంగ్లండు ఇంటిని ఇప్పుడు ఫ్లాట్లుగా విడగొట్టారనీ, మూసిన కిటికీని తెరిచేశారనీ బాబా బయలుదేరేముందు చెప్పాడు. ఆయన చదువుకున్న రోజుల ఇల్లు ఇక కబ్ద్‌లోనే ఉంది, ఒక మెట్టు తేడాతో.

ఫర్వానియా దగ్గర పడుతుండగా మస్తాన్ భాయ్ అన్నాడు: "మెట్టు సంగతి మాత్రం రూములో చెప్పొద్దు సార్. ఓబులేసు నన్ను విమానం ఎక్కేదాకా వదలడు."

నా దగ్గరున్న రుజువు అదొక్కటే.

నాలుగింటికి గదిలో అందరూ నా చుట్టూ చేరారు. "ఈయనే కట్టినాడనేదానికి సాక్ష్యమేంది సార్?" అన్నాడు ఓబులేసు.

"నేను చూశాను" అన్నాను. ఇంకొకరు అదే జవాబిచ్చి ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. వాళ్ళు ఒప్పుకున్నారు. ఓబులేసు లేచి మస్తాన్ భాయ్‌కి కుర్చీ జరిపాడు.

ఇది రాసే ముందు రాయచోటికి ఫోను చేసి మస్తాన్ భాయ్‌ని అనుమతి అడిగాను. "రాసుకోండి సార్" అన్నాడు. "ఎడమవైపనే రాయండి. మళ్ళా మీరు తారుమారు చేసేరు."