ఇస్త్రీ పెట్టె గుర్తు

నాలుగేళ్ళపాటు నేను ఆయనకు పెళ్ళాన్ని. వారానికి ఒక్క రోజు, అదీ టీవీలో.

తెలుగు కామెడీ షోలు చూసేవాళ్ళకు ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను: ఆ షోల్లో పెళ్ళాం వేషం మగవాళ్ళే వేస్తారు. నాకు మీసం ఆలస్యంగా మొలిచింది, నడుము సన్నం, గొంతు ఇటు మగవాళ్ళలోనూ అటు ఆడవాళ్ళలోనూ పూర్తిగా చేరలేదు. ఇంతకన్నా అర్హతలు ఎవరూ అడగలేదు.

స్కిట్‌లో తప్ప మిగతా వేళల్లో, నా మొగుడి వేషం వేసే ఆయన్ని అన్నా అనే పిలిచేవాణ్ణి. చందాపురలో మా ఇంటి వెనక వీధే ఆయనది. ఊరు కన్నడ నేల మీద ఉన్నా, వాళ్ళు తాతల నాటి నుంచీ ఇక్కడున్న తెలుగువాళ్ళు. టీవీకి ముందు ఆయన కె.ఆర్.పురంలో ఒక బట్టల షాపులో బొమ్మలకు చీరలు కట్టే పని చేసేవాడు. అందుకే షూటింగుకు హైదరాబాద్ వెళ్ళినప్పుడల్లా నాకు చీర కట్టడం ఆయన వంతే. మేకప్ గదిలో మోకాళ్ళ మీద కూర్చుని కుచ్చిళ్ళు పెట్టేవాడు. పిన్నీసులు పళ్ళ మధ్య బిగించి, ఆ నోటితోనే డైలాగులు చెప్పేవాడు. సగం నాకు ఈగలు ముసిరినట్టు వినిపించేవి. ఎలాగూ అవి ఇద్దరం కలిసి రాసినవే కాబట్టి నష్టం లేదు.

"పొట్ట లోపలికి తియ్యప్పా. బొమ్మలు ఇంత కదలవు" అనేవాడు.

"బొమ్మలు మధ్యాహ్నం బిరియాని తినవు కదన్నా."

మా స్కిట్‌కు ఒకటే సూత్రం. మొగుడు గొప్పలు చెబుతాడు, పెళ్ళాం ఒక్క మాట అంటుంది, మొగుడు వెనక్కి అడుగులు వేస్తూ పోయి వీధి మోరిలో, అంటే మురిక్కాలవలో, పడతాడు. ఆఖరి మాట ఎప్పుడూ పెళ్ళానిది. ఆయన దానికి ముందు సరిగ్గా ఒక్క గుక్క ఊపిరంత ఖాళీ వదిలేవాడు. ఆ ఖాళీలో నేను మాట వెయ్యాలి. ముందు వేస్తే నవ్వు రాదు, తర్వాత వేస్తే నవ్వు నిద్రపోతుంది. నాలుగేళ్ళలో ఎన్నడూ ఆయన నాకు సైగ చెయ్యలేదు, నేను అడగలేదు. ప్రపంచంలో ఇంకెవరితోనూ నాకు అలా కుదరలేదు. ఇంట్లో అమ్మతో మాట్లాడినా మధ్యలో ఒకరి మాటకు ఒకరం అడ్డం వస్తాం.

హైదరాబాద్‌లో వాళ్ళు మా "ఉండాది"కి, "ఉండాడు"కి పడీ పడీ నవ్వేవారు. మేము మామూలుగానే మాట్లాడేవాళ్ళం. ఎందుకు నవ్వుతున్నారో మొదట్లో ఆలోచించాం, తర్వాత పేరొచ్చింది కాబట్టి ఆలోచించడం మానేశాం.

నాలుగో ఏడు వానాకాలంలో అన్న కూతురు బడి నుంచి వస్తూ వీధి మూలన నిజం మోరిలో పడింది. మోకాలి కింద ఆరు కుట్లు పడ్డాయి. మోరి మీద కప్పే రాతి పలకల్ని మా ఊళ్ళో చప్పడి అంటారు, కన్నడ మాట. ఆ మోరికి చప్పడి లేక రెండేళ్ళు అయింది. అన్న పురసభ ఆఫీసుకు, అంటే మా ఊరి మునిసిపాలిటీకి, వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను.

"మా పాప మోరిలో పడింది సార్" అన్నాడు.

బల్ల వెనక ఆయన నవ్వాడు. పక్క బల్ల ఆయన్ని పిలిచాడు. ఆ పక్కాయన కూడా తెలుగాయనే, ప్రతి వారం మా షో చూస్తాడట. "ఇంకొకసారి చెప్పండి, వీడియో తీసుకుంటా" అన్నాడు. వాళ్ళను మాత్రం ఏమనగలం? ప్రతి వారం మోరిలో పడే మనిషి స్వయంగా వచ్చి మోరి గురించి చెబుతున్నాడు. అన్న ఓపిగ్గా మళ్ళీ చెప్పాడు, చప్పడి వేయించండి అని. ఈసారి చప్పట్లు కొట్టారు.

బయటికి వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. చెప్పుకు అంటిన బురద మెట్టు అంచుకు గీకాడు. తర్వాత అన్నాడు, "చప్పడి అడిగితే చప్పట్లు కొట్టినారప్పా."

నేను నవ్వాను.

చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ మాట అంత బాగా కుదిరింది. నవ్వడమే కాదు, మరిచిపోతానేమోనని జేబులోంచి ఫోను తీసి రాసుకోబోయాను కూడా. ఆయన నా వైపు చూశాడు. నువ్వు కూడానా అనలేదు, అలాంటి బరువైన మాటలు మా ఇద్దరిలో ఎవరికీ చేతకావు. "రాసుకో, రాసుకో" అన్నాడంతే.

నెల తిరక్కుండా పురసభ ఎలెక్షన్ వచ్చింది. అన్న మా వార్డుకు నామినేషన్ వేశాడు. ఏ పార్టీ లేదు, ఇండిపెండెంట్. టీవీ వాళ్ళకు రానని చెప్పేశాడు.

ఆయనకు కావలసింది ఒక్కటే, తను మాట్లాడుతుంటే జనం నవ్వకూడదు. నాకు కావలసిందీ ఒక్కటే, ఆయన మళ్ళీ నవ్వించాలి, పక్కన నేనుండాలి. చూడబోతే ఆ ఎలెక్షన్‌లో అసలు పోటీ మా ఇద్దరి మధ్యే. నామినేషన్ మాత్రం ఆయనొక్కడే వేశాడు, నేను పాంప్లెట్లు మోశాను.

"మీసం పెంచప్పా" అన్నాడు మొదటి రోజే. "నువ్వు నా పక్కనే ఉండాల. కానీ నిన్ను ఎవరూ గుర్తు పట్టకూడదు."

నా మీసం గురించి అంత శ్రద్ధ అంతవరకూ ఎవరూ చూపలేదు. పెంచాను. ఆయన గెలిస్తే నాకు విడాకులు ఖాయమని తెలిసీ పెంచాను.

గుర్తుల జాబితాలో బకెట్, బెలూన్, ఇస్త్రీ పెట్టె మిగిలాయి. ఉన్నవాటిలో మర్యాదగా ఉందని ఇస్త్రీ పెట్టె తీసుకున్నాడు. అక్కడే పొరపాటు జరిగింది. మా వైపు పెద్దవాళ్ళ నోట ఇస్త్రీ అంటే బట్టలకు చేసేదే కాదు, ఆడమనిషి కూడా. పన్నెండు భాషలకు పేరడీలు కట్టిన మనిషికి ఆ సంగతి తట్టలేదు. నాకు తట్టింది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు మీకు తెలుసు.

మొదటి వీధిలో మొదటి ఇంట్లోనే ఒక అవ్వ పట్టుకుంది. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"ఇస్త్రీ పెట్టె గుర్తవ్వా. గుర్తు పెట్టుకోవాల" అన్నాడు అన్న చేతులు జోడించి.

"నీ ఇస్త్రీ నాకు బాగా గుర్తుండాది లేప్పా. యాడ పెట్టి వచ్చినావు దాన్ని?"

లోపల ఎవరో కిసుక్కుమన్నారు. అన్న చేతులు దించలేదు.

"అది ఆట కదవ్వా. నేను మోరి విషయంగా..."

"నోరు పెద్దదే అయినా మంచిది ఆ బిడ్డ. నిన్ను అన్నేసి మాటలంటుంది కానీ ఒక్క దినమైనా నీకు కూడు పెట్టకుండా ఉండిందా? ఎలెక్షన్ అని ఇంట్లో వదిలేసి వచ్చేదేనా? పిల్చుకొని రాప్పా, నేను చూడాల."

నేను ఆవిడకు మూరెడు దూరంలో పాంప్లెట్ల కట్టతో నిలబడి ఉన్నాను. నా గురించి అంత మంచిగా మా అమ్మ కూడా ఎన్నడూ చెప్పలేదు. గొంతు దాకా వచ్చింది, ఇక్కడే ఉన్నానవ్వా అని. ఆవిడ నా వైపు చూసి, "నువ్వు ఇట్ల జరుగు నాయనా, మోరిలో పడేవు" అంది.

తర్వాత ప్రతి వీధిలోనూ ఇదే. ఇస్త్రీ ఏది, ఇస్త్రీకి బాగుందా, ఇస్త్రీ అలిగిందా. పూర్వమైతే అన్న వాటిల్లో ఏ ఒక్కదాన్నీ నేల మీద పడనిచ్చేవాడు కాదు. ఇప్పుడు దణ్ణం పెట్టి పక్క ఇంటికి నడిచేవాడు. నేను వెనక నడుస్తూ, ఆయన అనకుండా వదిలేసిన జవాబులన్నీ లోపల అనుకుంటూ పోయేవాణ్ణి. సాయంత్రానికి పొట్ట ఉబ్బరం.

ప్రచారం ఆఖరి రోజు మధ్యాహ్నం బస్ స్టాప్ పక్క ఖాళీ స్థలంలో మీటింగ్ పెట్టాం. ఫ్యాక్టరీల్లో మొదటి షిఫ్టు విడిచే వేళ. యాభై కుర్చీలు వేస్తే పదిహేను నిండాయి. అన్న బావమరిది ఒక కవర్ పట్టుకుని వచ్చాడు. అందులో స్కిట్‌లో నేను కట్టే పసుపు చీర ఉంది.

"బావా, పదే పది నిమిషాలు. వీనికి చీర కట్టు. జనమంతా ఆ పెళ్ళాం కోసరమే అడుగుతుండారు. కుర్చీలు చాలవు చూడు."

నా చెయ్యి అప్పటికే చొక్కా గుండీ మీదకు పోయింది. అన్న చీర అందుకున్నాడు. వేళ్ళు వాటంతట అవే నాలుగు కుచ్చిళ్ళు పట్టేశాయి. తర్వాత చూసుకుని వదిలేశాడు. చీర మడత పెట్టి కవర్లో వేశాడు.

"వానికి మీసం ఉండాది" అన్నాడు.

"గొరిగితే పోతుందన్నా. ఆ ఎదురుగానే సెలూన్" అన్నాను. నా గొంతులో అంత ఆశ ఉందని నాకే తెలీదు.

"పోతుంది లే. నేను చెప్పేది కూడా దాంతోనే పోతుంది."

నేను వెళ్ళి మూడో వరసలో కూర్చున్నాను. షిఫ్టు విడిచిన వాళ్ళు టిఫిన్ డబ్బాలతో ఆగారు. కాసేపటికి కుర్చీలు నిండి వెనక నిలబడ్డారు. అన్న కన్నడలో మొదలుపెట్టి తెలుగులోకి జారాడు. మైకు పట్టుకోగానే నవ్వారు. "మోరి ఉండాది" అంటే నవ్వారు. పాపకు కుట్లు పడినాయంటే కొందరు నవ్వి, కొందరు నవ్వబోయి ఆగారు. ఆయన నుదురు తుడుచుకున్నాడు.

"నేను గెలిస్తే మొదట చేసే పని, మన మోరికి చప్పడి వేయిస్తాను" అన్నాడు.

అని, ఆగాడు. ఒక్క గుక్క ఊపిరి.

అది నా ఖాళీ. కావాలని వదిలాడో, అలవాటు కొద్దీ వదిలాడో తెలీదు. నాకు మాత్రం మాట సిద్ధంగా వచ్చేసింది. "ముందు నీ నోటికి వేయించుకో." అంతే. చీర లేకపోయినా ఫరవాలేదు, ఆ గొంతుతో ఒక్కసారి అంటే చాలు. బస్ స్టాప్ దాకా నవ్వు లేచేది. అందరూ వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. ఆయనకు వెనక్కి అడుగులు వేయడం తప్ప వేరే దారి ఉండేది కాదు. నాలుగేళ్ళలో మేం వేసిన పంచ్‌లన్నిటికన్నా మంచిది నా నాలుక చివర కూర్చుంది. ఆయన కళ్ళు జనంలో వెతికి నా దగ్గర ఆగాయి.

సినిమాల్లో అయితే ఇక్కడ గాలి వీస్తుంది. చందాపురలో అత్తిబెలె బస్సు హారన్ కొట్టింది. నేను నోరు మూసుకున్నాను.

ఖాళీ అలాగే ఉండిపోయింది. ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి యూనిఫారం వేసుకున్న ఒకాయన అడిగాడు, "మా వీధిలోనూ లేదప్పా చప్పడి. పోయినసారి వాళ్ళు కూడా ఇదే చెప్పి పోయినారు. నువ్వెట్ల వేయిస్తావు?"

అన్న జవాబు చెప్పాడు. ఎవరికి అర్జీ పెట్టాలో, ఏ పని ఏ ఆఫీసులో ఆగిందో, తను ఎన్నిసార్లు తిరిగాడో చెప్పాడు. ఇంకొకాయన అడిగాడు. ఒక ఆడమనిషి లేచి గొడవ పెట్టుకుంది కూడా. పావుగంట సేపు ఒక్క నవ్వు లేదు. స్టేజి మీద ఏ చప్పట్లకూ ఆయన మొహం అలా వెలగడం నేను చూడలేదు. ఒక మోరిని చూసి కుళ్ళుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

ఓటు ఆయనకే వేశాను. ఆయన ఓడిపోయాడు, మూడో స్థానం. చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ సాయంత్రమే మీసం తీసేసి వాళ్ళింటికి వెళ్ళాను.

"టీవీ వాళ్ళు ఫోన్ చేసినారన్నా. వచ్చే వారం నుంచే రమ్మంటుండారు."

ఆయన నా మొహం చూశాడు, మీసం ఉండిన చోటు. "నువ్వు పో అప్పా. నీకు బాగుండే ఆట అది."

"నేనొక్కణ్ణే పోయి ఎవరితో కాపురం చెయ్యాల?"

నవ్వుతాడనుకున్నాను. కొంచెం నవ్వాడు కూడా, నన్ను బాధపెట్టకుండా ఉండడానికి. "ఆ దినము పావుగంట విన్నారప్పా. నవ్వకుండా. ఆ తర్వాత నేను మోరిలో ఎట్ల పడేది?"

ఆ మీటింగ్‌లో నా నాలుక చివర ఆగిన మాట ఆయనకు చెప్పాలనుకున్నాను. చెబితే బాగుందనేవాడు. అందుకే చెప్పలేదు.

పోయిన నెల రమ్మంటే మళ్ళీ పురసభ ఆఫీసుకు వెంట వెళ్ళాను. అన్న చేతిలో వీధివాళ్ళ సంతకాలతో అర్జీ ఉంది. అదే బల్ల, అదే మనిషి. ఈసారి నవ్వలేదు. కుర్చీ చూపించాడు. కాగితం అంతా చదివి, ఒక సంతకం తక్కువ ఉంది అన్నాడు. తర్వాత నన్ను చూసి, ఎక్కడో చూసినట్టు కళ్ళు చిట్లించి, "ఇతను మీకేమవుతాడు?" అని అడిగాడు.

అన్న నోరు తెరిచి ఒక్క క్షణం ఆగాడు. జవాబు ఏమిటో ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. ఆ మాట అని ఉంటే ఆ గది మొత్తం పడీ పడీ నవ్వేది.

"మా వెనక వీధోడు సార్" అన్నాడు. "సంతకానికి పిల్చుకొని వచ్చినాను."

పెన్ను నా వైపు జరిపాడు. నేను అందుకుని సంతకం పెట్టాను.