యాభైకి దిగితే

ఎనభైల్లో ఎమ్మిగనూరు మస్తాన్‌కు నేనొక అబద్ధం చెప్పాను. అప్పటినుంచీ అది గుండె మీద కూర్చునే ఉంది. ఇన్నేళ్ళు ఎట్లా మోశాను? నవ్వుతూ మోశాను, అదే పాపం. ఇప్పుడు ఇది చదివే నీకొక్కడికే చెప్తున్నాను.

ఆ రోజుల్లో బొంబాయి షేర్ బజార్ ఆదోనిలో ఉన్న నన్నడిగే తెరుచుకునేది. సరే, అంత లేదు. పత్తి దళారిని. పోస్టాఫీసు నుంచి బొంబాయిలో ఒక బ్రోకరుకు ట్రంక్ కాల్ చేసి, మనవాళ్ళ షేర్లు కొనమనీ అమ్మమనీ చెప్పేవాణ్ణి, అంతే.

మస్తాన్‌కు సొంత మగ్గాలుండేవి. బట్టల దుకాణం పెట్టాలని కూడబెట్టిన డబ్బుకు తోడు అప్పు తెచ్చి, నా మాట నమ్మి, ఒక మిల్లు షేర్లు డెబ్బై రూపాయల లెక్కన కొన్నాడు. ఆ రోజే నా చెయ్యి పట్టుకున్నాడు.

“అన్నా, యాభైకి దిగిందంటే అమ్మేయ్. నన్ను అడగొద్దు.”

“అడక్కుంటే ఎట్లప్పా?”

“అడిగితే ఆగమంటా. నాకు ఆశ జాస్తి. అందుకే ముందే సెప్తాండా.”

తన ఆశను తానే నమ్మని మనిషి నన్ను నమ్మాడు.

యాభైకి దిగింది. పేపర్లో చూశాను. ఆ షేరు రెండొందలు దాటుతుందని టీ హోటల్లో అందరి ముందూ మీసం తిప్పి వారమైనా కాలేదు. అమ్మితే నవ్వరా? మళ్ళీ లేస్తుందిలే అనుకున్నాను. నలభై అయింది. ముప్పై అయింది. పొద్దున్నే పేపరంతా చదివి, ఆ పేజీ ఒక్కటే ఆఖర్న విప్పేవాణ్ణి. యాభై దగ్గర అమ్మనివాడు ముప్పై దగ్గర ఏ మొహంతో అమ్ముతాడు? చివరికి ఆ మిల్లే మూతపడింది.

మస్తాన్ ఆదోనికి వచ్చాడు. అతను అడగకముందే అన్నాను: “యాభైకి దిగిన రోజే ట్రంక్ కాల్ బుక్ చేసి పొద్దంతా కూసున్యానప్పా. లైను దొరకలే.”

“లైను దొరక్కుంటే నువ్వేం జేస్తావులేన్నా,” అని నాకే టీ చెప్పాడు. తాగాను.

మగ్గాలమ్మి అప్పు కట్టాడు. పోయేదాకా ఇంకొకరి మగ్గం మీద కూలికి నేశాడు. తన కోసం అన్న పొద్దంతా ఫోన్ దగ్గర కూర్చున్నాడని కనిపించినవాళ్ళందరికీ చెప్పేవాడు. నేను ఎదురుగా ఉన్నా చెప్పేవాడు. నేను తల దించుకుంటే, అది నా మంచితనమనుకునేవాళ్ళు.

కాల్ బుక్ చేసి, మనసొప్పక రద్దు చేశానని రాద్దామనుకున్నాను ఇక్కడ. అదీ కోతలే.

క్షమించమని నిన్నడగను, మగ్గాలు పోయింది నీవి కావు. కోతలు కోయకుండా ఒక్క మాట చెప్పాలి, అంతే. ఆ రోజు నేను పోస్టాఫీసుకే పోలేదు.